మన గురువులు, పొరుగు బడులు

1977 వ సంవత్సరము సెప్టెంబరు 24 వ తేదీన కలకత్తా ఈడెన్ ఉద్యానము వానకు నాని బురదయై యుండెను. ఆ బురదలోనికి న్యూయార్కు కాస్మాస్ జట్టుతో గూడ పేలే దిగెను. మూడుమారులు ప్రపంచ విజేతయైన యా బ్రెజిలు వీరుని కన్నులార చూచుటకు వంగదేశమంతయు కదలివచ్చెనని చెప్పినచో అతిశయోక్తి కాదు. ఎదుట నిలిచినది మోహన్ బగాన్ జట్టు. ఇరుపక్షములకు రెండేసి గోలులు వచ్చి ఆట సమముగా ముగిసెను. మోహన్ బగాన్ చేసిన రెండింటిలో నొకటి శ్యామ్ థాపాది. రెండవది హైదరాబాదు బిడ్డ మహమ్మద్ హబీబుది.

ఓరుగంటి వీధులలో నిలిచి ఈ పేరడిగిన నెందరు చెప్పగలరు? క్రికెట్టు ఆటగాని బట్టల వెనుకనున్న అంకె మొదలు వాని పెండ్లి భోజనములోని వంటకముల వరకు కంఠస్థము చేసిన బాలురు మన యిండ్లలోనే యున్నారు. వారిని నిందించుట లేదు. చెప్పువారు లేనిదే వినువారెక్కడ నుండి వచ్చెదరు? అందుచేత మొదట ఆ మనుష్యుని కథ చెప్పి, పిదప మా మనస్సున మెదలుచున్న బాధను మనవి చేసికొందుము.

హబీబు 1949 జూలై 17 న హైదరాబాదున జన్మించెను. 2023 ఆగస్టు 15 న, వీధివీధిని జెండాలెగురుచున్న దినమున, అదే నగరమున కన్నుమూసెను. పుట్టుటయు గిట్టుటయు ఇచ్చటనే. నడుమ నతడు ఆడిన యాటలో పెక్కుపాలు కలకత్తాది. నేర్పిన విద్యలో పెక్కుపాలు జంషెడ్‌పూరుది, హల్దియాది. ఈ చిన్న లెక్కలోనే మేము చెప్పదలచిన దంతయు నున్నది.

ఫుట్‌బాలునందు గోలు చేసినవాని పేరు మరునాడు పత్రికలలో వచ్చును. గోలు కాపాడినవానిని భుజములపై నెత్తుకొందురు. ఈ యిరువురి నడుమ, మైదానపు మధ్యభాగమున పరుగులిడువాని సంగతి వేరు. వెనుకనుండి వచ్చిన బంతిని వాడందుకొనవలెను. అందుకొనకముందే తనవారెవరెక్కడ నున్నారో చూచుకొని యుండవలెను. ఎదుటివారు బంతిని లాగికొన్నచో వెంటనే వెనుకకు పరుగెత్తి కాపలాకు నిలువవలెను. మంచి సంసారమున ఇంటి పెద్దకోడలు చేయు పని వంటిది ఇది. ఆమె యున్నంతకాలము ఇల్లు దానంతట నదియే నడచుచున్నట్లుండును. ఆమె నాలుగు దినములు పుట్టింటికి పోయిననాడు తెలియును. హబీబు పేరు కొన్ని పట్టికలలో ఫార్వర్డుగాను, కొన్నింట మధ్యశ్రేణి యాటగాడుగాను కానవచ్చును. రెండును నిజమే. అతడు ముందువరుసకు వెనుకగా నిలిచి, వెనుకవరుసను ముందుతో జతకూర్చినవాడు. ఆకారమున దొడ్డవాడు కాడు. ఎన్నడును అలయనివాడని, ఓటమి నొప్పుకొననివాడని అతనితో నాడినవారును అతని కెదురుగా నాడినవారును చెప్పుకొనిరి. కలకత్తా జనులు వానిని 'బడే మియా' యని పిలిచిరి. ప్రత్యర్థుల అభిమానులు సైతము ఆ పేరునే వాడిరనిన, అది మామూలు మర్యాద కాదు.

ఇట్టివాడు ఆకాశమునుండి ఊడిపడడు. దున్ని, ఎరువు వేసి, నీరు కట్టిన నేలలోనే మొలచును. ఆ నేలను దున్నినవాడు సయ్యద్ అబ్దుల్ రహీము.

రహీముగారు 1909 లో హైదరాబాదున జన్మించిరి. వృత్తిచేత పాఠశాల ఉపాధ్యాయులు. ఈ సంగతిని పాఠకులు మరువకుందురు గాక. ముందు మరల దీనికే రావలసియున్నది. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, 1950 నుండి మరణపర్యంతము సిటీ పోలీసు జట్టుకు శిక్షకులై, భారత జట్టుకును గురువై యుండిరి. సంస్థానము భారతదేశమున చేరిన పిదప, 1950 లో, ఆ పోలీసు జట్టు ఢిల్లీకి పోయి మోహన్ బగాన్ నోడించి డ్యూరాండ్ కప్పు తెచ్చెను. బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలిచెను. అయిదేండ్లు! హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సంవత్సరములలో రెండుమారులు వరుసగా తెచ్చెను. అప్పుడు మన జట్టనిన కలకత్తాకు భయము, బొంబాయికి గౌరవము.

దేశమునకు రహీముగారు చేసిన సేవ యింతకు మించినది. 1951 లో ఢిల్లీనగరమున జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరానుపై ఒక గోలుతో గెలిచి స్వర్ణపతకము. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సున యుగోస్లావియా చేతిలో 10–1 తో ఘోర పరాజయము; మన వారిలో పలువురు వట్టికాళ్లతో నాడిరి. వేరొకడైన చలిని నిందించి యూరకుండెడివాడు. ఆయన నేర్చుకొనిరి. నాలుగేండ్లకు మెల్‌బోర్నున అతిథేయులైన ఆస్ట్రేలియా వారిని 4–2 తో ఓడించి మన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తంగరాజ్, బలరామ్ మున్నగు హైదరాబాదు సికింద్రాబాదుల వారుండిరి. తుదకు 1962 సెప్టెంబరు 4 న జకార్తాలో దక్షిణ కొరియాపై 2–1 తో విజయము, రెండవ స్వర్ణము. గోలులు చేసినవారు ప్రదీప్ కుమార్ బెనర్జీ, తలకు గాయమైనను తగ్గక నాడిన జర్నైల్ సింగు. గురువుగారి శ్వాసకోశమును అప్పటికే కేన్సరు తినివేయుచుండెను. 1963 జూన్ 11 న వారు గతించిరి. పద్మ పురస్కారమేదియు వారికి రాలేదు. అరువదేండ్లు గడచిన పిమ్మట, 2024 లో, ఒక హిందీ చలనచిత్రము వచ్చి వారి పేరును దేశమునకు మరల జ్ఞాపకము చేయవలసి వచ్చెను.

పతకముల లెక్క కంటె మాకు ప్రియమైనది వారి బోధనా పద్ధతి. ఆయన పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టిరి. ఒక పోటీలో బంతిని కాలివద్ద నుంచుకొని ఎదుటివారిని తప్పించుకొనుచు పోరాదు. వచ్చిన బంతిని వెంటనే తోటివాని కందింపవలెను. మరొక పోటీలో బలహీనమైన కాలితోనే తన్నవలెను. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. ఇంకొక పోటీకి ఎత్తు నిర్ణయింపబడెను. నిర్ణీతమైన కొలతకు మించినవారికి ప్రవేశము లేదు. ఇందులో నున్న తెలివి చూడుడు. మొదటి పోటీ స్వార్థము నణచి కన్నులకు చూపు నిచ్చును. రెండవది శరీరపు లోటును పూరించును. మూడవది పొట్టివాడు మూలకు త్రోయబడకుండ కాపాడును. వీనికి పరదేశపు యంత్రములు కావలెనా? లక్షల ద్రవ్యము కావలెనా? పాఠశాలలో లెక్క కట్టించు పంతులు పిల్లవాని తప్పు నెక్కడ పట్టవలెనో యెరిగినట్లే ఆయన కాలి తప్పును పట్టిరి.

రహీముగారు గతించునాటికి హబీబు పదునాలుగవ యేటనున్న బాలుడు. ఆయన చేతిక్రింద పెరిగినాడని చెప్పలేము. అయినను ఆయన నింపిన గాలిని పీల్చి పెరిగినవాడే. ఇంటనే ఆటగాండ్రుండిరి, తమ్ముడు అక్బరు సైతము పేరు మోసిన ఫార్వర్డు. 1965-66 సంతోష్ ట్రోఫీ పోటీలు కొల్లమున జరుగగా, ఆంధ్రప్రదేశ్ జట్టు తుదియాటలో వంగదేశము నోడించి ట్రోఫీని గెలిచెను. ఆ జట్టులో హబీబు కలడు. పదునాఱేండ్లవాడు! ఓడిన వంగదేశీయులు ఏమి చేసిరి? దుఃఖించుచు కూర్చుండలేదు. 1966 లోనే హబీబును ఈస్టు బెంగాలుకు తీసికొనిపోయిరి. గెలిచినవారము మనము, గెలిపించినవానిని సంపాదించుకొన్నది వారు.

పిమ్మటి యాతని జీవితము కలకత్తా మూడు పెద్ద జట్ల నడుమ సాగినది. ఈస్టు బెంగాలు, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగు మూటికిని ఆడెను. మూటియందును ఆదరము పొందెను. కలకత్తాలో ఒక జట్టు విడిచి మరొకదానికి పోవుట యనిన పార్టీ ఫిరాయించుట కంటె కష్టమైన పని యని అచ్చటి వారిని చూచినవారికి తెలియును. 1970 నుండి వరుసగా ఆరేండ్లు కలకత్తా లీగును గెలిచిన ఈస్టు బెంగాలు జట్టునకు తొలి యేండ్లలో అతడొక మూలస్తంభము. 1976 లో మోహన్ బగాన్‌కు మారిన పిదప తమ్ముడును తోడుండెను. ఆ యేటి లీగులో ఈస్టు బెంగాలుపై ఆట మొదలిడిన పదునేడవ సెకనుననే గోలు చేసినవాడు అక్బరు. మరుసటి యేడు పేలేతో నాడిన ఆట ముగిసిన కొలది దినములకే మోహన్ బగాన్ ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచెను, అదే సంవత్సరపు రోవర్స్, డ్యూరాండ్ కప్పులును దానివే.

దేశము పక్షమున 1970 బాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యపతకము తెచ్చిన జట్టులో హబీబు ఆడెను. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీను. ఆయనయు హైదరాబాదు వారే. అటు పిమ్మట 2023 హాంగ్‌జౌ క్రీడల వరకు భారత పురుషుల జట్టు ఆసియా క్రీడలలో ఫుట్‌బాలునందు మరియొక పతకము తేలేదు. 1980 లో హబీబునకు అర్జున పురస్కార మొసగిరి.

ఒక్క విషయమును ఇక్కడ ప్రత్యేకముగ చెప్పవలెను. ఆ కాలమున ఆటగాండ్రందరు ఒక బ్యాంకునో, రైల్వేనో, పోలీసునో ఆశ్రయించి జీవించిరి. హబీబు ఉద్యోగమును కాదని ఆటనే వృత్తిగా జేసికొనెను. తెల్లవారుజామున లేచి సాధన చేయుట, మితాహారము, ఆటకు ముందు ఎవరితోను ముచ్చటలు లేకుండుట - ఈ నియమములు చూచి కొందరు ముక్కోపి యనుకొనిరి. నిత్యము జీతము తెచ్చు కుర్చీ లేనివాడు తన కాళ్లనే ఆస్తిగా కాపాడుకొనవలదా? ఈ త్యాగమును పొగడుట తేలిక. మధ్యతరగతి తండ్రి నేడు తన కుమారునికి ఇట్టి సలహా ఇచ్చునా యని అడిగిన, మేమును కొంత తటపటాయింతుము.

ఆట మానిన పిదప హబీబు శిక్షకుడయ్యెను. మధ్యశ్రేణి యాటగాండ్రు మంచి శిక్షకులగుట లోకమున తరచు చూచుచున్నదే. ఇరువదేండ్లు మైదానము నడుమ నిలిచి నాలుగు దిక్కులు చూచినవానికి ఆటంతయు ఒక పటమువలె కన్నులయెదుట పరచుకొని యుండును. జంషెడ్‌పూరునందు టాటావారు 1987 లో ఫుట్‌బాల్ విద్యాలయమొకటి స్థాపించిరి. దేశపు నలుమూలల నుండి బాలుర నెన్నుకొని, కూడు గుడ్డ చదువు ఇచ్చి, ఏండ్ల తరబడి శిక్షణ మిచ్చుట దాని పద్ధతి. అచ్చట హబీబు గురువుగా నుండెను. పిదప హల్దియాలో వంగదేశపు ఫుట్‌బాల్ సంఘము నడపిన విద్యాలయమునకు ముఖ్యశిక్షకుడయ్యెను. జంషెడ్‌పూరు విద్యాలయమునుండి బయలుదేరిన కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగు, మహేశ్ గావ్లీ, దీపక్ మండల్ మున్నగువారు తరువాతి కాలమున భారత జట్టును మోసిరి. వారిలో నొకడు బెంగుళూరు వాడు, ఒకడు మణిపురి, ఒకడు గోవా వాడు. బడి యొకచోట నున్నచో పిల్లలు మణిపురము నుండియైనను వత్తురని దీనివలన తేలుచున్నది గదా!

ఇది హబీబొక్కని కథ కాదు. అందుకే మాకింత వ్యథ. నయీముద్దీను 1990 లో ద్రోణాచార్య పురస్కారము పొందిన శిక్షకుడు. ఆయన నేర్పిన విద్యకు ప్రసిద్ధి వచ్చినది కలకత్తాలో, బంగ్లాదేశమున. 1974 లో ఇరానుతో గూడ ఆసియా యువజన ఫుట్‌బాలు విజేతగా నిలిచిన భారత జట్టు నాయకుడు షబ్బీరలీ హైదరాబాదు వాడే. శిక్షకుడుగా ఆయన జాతీయ లీగును గెలిపించినది గోవాలోని సల్గావ్‌కర్ జట్టుకు, 1998-99 లో. ఆటగాడు ధనమున్నచోటికి పోవుట సహజమే. దాని కెవరు నడ్డుపడగలరు? కాని కాళ్లు అలసి ఇంటికి మరలవలసిన వయసున, తాను నేర్చినది చెప్పవలెనని వచ్చిన మనుష్యునకు కూర్చుండుటకు పీట లేకపోవుట ఇంటివారి లోపము. రహీముగారొక్కరు ఇచ్చటనే యుండి లోకమును గెలిచిరి. ఆయనకు పీటవేసినవి ఒక పాఠశాల, ఒక పోలీసు శాఖ. ఆ రెండు శక్తులును విడివడిపోయినవి.

ఈనడుమ ధనవంతులు పూనుకొని 2019 లో హైదరాబాదు ఎఫ్.సి. యను జట్టును నెలకొల్పిరి. 2022 మార్చి 20 న గోవాలోని ఫాటోర్డా మైదానమున కేరళ జట్టు నోడించి, పెనాల్టీల మూలమున, ఇండియన్ సూపర్ లీగును గెలిచిరి. నగరము సంతోషించెను. మూడేండ్లు గడచెనో లేదో, 2025 లో ఆ జట్టు అమ్మబడి ఢిల్లీకి తరలి పేరు సైతము మార్చుకొనెను. అంగడి సరుకు అంగడికే పోవును. దాని కేడ్చి లాభము లేదు. సిటీ పోలీసు జట్టును ఎవరును కొనలేకపోయిరి, ఏలయన అది అమ్మకమునకు పెట్టినది కాదు.

ఇక ఓరుగంటి మాట. రాజధానికి నూటనలుబది కిలోమీటర్ల దూరమున నున్న పెద్ద పట్టణమిది. కాజీపేట జంక్షనులో నిలిచి చూచిన ఒక దారి ఢిల్లీకి, ఒక దారి విజయవాడమీదుగ కలకత్తాకు పోవును. హబీబు వంటివాడు పుట్టినచో తీసికొనిపోవుటకు బండ్లు సిద్ధముగనే యున్నవి. హనుమకొండలో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట స్టేడియము కలదు. ఆర్ట్స్ కళాశాల మైదానమున్నది. దానిపై ఫుట్‌బాలు ఆటల కంటె రాజకీయ సభలే యెక్కువగా జరిగినవని ఊరివారెరుగుదురు. సభ ముగిసిన మరునాడు కుఱ్ఱవాండ్రు కఱ్ఱల గుంతలు పూడ్చుకొని ఆడుకొనుటను మేమెరుగుదుము. బాలురకు ఆసక్తి లేదనుట అబద్ధము.

లేనిదల్లా బడిలో. పెక్కు పాఠశాలల కాలపట్టికలో ఆటల గంట వ్రాయబడి యుండును. పరీక్షలు దగ్గరపడగానే అది గణితపు గంటగా మారును. పరీక్షలెప్పుడును దగ్గరలోనే యుండును. ప్రైవేటు పాఠశాలలలో పలువాటికి మేడమీద మేడ గలదు గాని పరుగెత్తుటకు నేల లేదు. తలిదండ్రులను తప్పుపట్టుటకు మాకు నోరాడదు. ఆట కూడు పెట్టునా యని వారడుగుచున్నారు. నూటికి తొంబదిమందికి పెట్టదు. ఈ సత్యమును దాచి ప్రబోధములు చేయుట మోసము. అయితే గణితపు గంట అందరిని ఇంజనీర్లను చేయుచున్నదా? రైల్వేలందును పోలీసు శాఖయందును క్రీడాకారులకు కొన్ని ఉద్యోగములు నేటికిని కలవు. ఆ తలుపు తెరచియున్నంతవరకు, దానిని తట్టగల పిల్లవానిని తయారుచేయకపోవుట మన తప్పిదమే.

ప్రభుత్వము కోట్లు గుప్పించి విద్యాలయము కట్టవలెనని మేము కోరుట లేదు. కట్టిన సంతోషమే; కట్టినదానిని నడుపుట అంతకంటె సంతోషము. మా కోరిక చిన్నది. హనుమకొండ, వరంగల్లు, కాజీపేటలలో పది పాఠశాలలు చేరి, దసరా సెలవులకు ముందు, పండ్రెండేండ్ల లోపు బాలబాలికలకు రహీముగారి పద్ధతిని ఎడమకాలి పోటీ యొకటి పెట్టవలెను. గెలిచినవారికి వెండికప్పు అక్కరలేదు. కావలసినవి రెండు బంతులు, సున్నపు గీతలు, ఒక ఈల, ఆ ఈల నూదుటకు సాయంకాలము అయిదు గంటలకే ఇంటికి పోవలెనని తొందరపడని యొక ఉపాధ్యాయుడు.